ఛాయాచిత్రమున దోషమన నేమి?

ఈ నెల మాకు చేరిన జాబులలో నొకదానిని మేము మూడు నాలుగు మాఱులు చదువుకొంటిమి. వ్రాసినవారు గోదావరి తీరమందలి యొక పల్లె సోదరి. ముప్పది యేండ్ల యిల్లాలు, ఇద్దఱు బిడ్డల తల్లి. మూడేండ్లనుండి కెమేరా పట్టుచున్నారు. తెల్లవాఱుజామున పొగమంచులో రేవు విడిచిపోవు పడవ నొకదానిని తీసి, ఎంతో ఆశతో ఒక పెద్ద పోటీకి పంపుకొన్నారు. బదులుగా వచ్చినవి మూడంకెలు, వాని క్రింద మొత్తము, ప్రక్కన స్వీకరింపబడలేదను మాట. అంతే. "ఎందుచేత తిరస్కరించిరో ఒక్క ముక్క లేదు. ఇంట చూపినచో అందఱును చాల బాగున్నదందురు. ఎవరి మాట నమ్ముదును? ఈ కెమేరా నమ్మివేసి పిల్లలకు బట్టలు కొనుట మేలేమో" అని ముగించినారు.

అమ్మవలదు. ఈ మాట ముందుగా చెప్పి, తక్కినది తీరికగా విచారింతము.

ఆ మూడంకెల సంగతి మొదట చూతము. ఛాయాచిత్రకళకు ఫియాప్ అను అంతర్జాతీయ సమాఖ్య యొకటి 1950లో స్విట్జర్లాండులోని బెర్ను నగరమున ఏర్పడినది. దాని ఆదరణతో జరుగు ప్రదర్శనలు నేడు మన దేశమునను పెక్కు కలవు. ఇట్టి పోటీలలో సాధారణముగా మువ్వురు న్యాయనిర్ణేతలు కూర్చుండి, వచ్చిన చిత్రముల నన్నిటిని వరుసగా తెఱపై చూచి, ఒక్కొక్కదానికి కొద్ది క్షణములలో అంకె వేయుదురు. మువ్వురి యంకెలు కలిపి ఒక హద్దు దాటినచో స్వీకారము, దాటనిచో తిరస్కారము. రాశులకొలది చిత్రములు వచ్చినపుడు వేఱుదారి యుండకపోవచ్చును. కాని ఇది బియ్యము జల్లించుట. ఎందుకు జాఱిపడితివో జల్లెడ నూకకు చెప్పదు. మా వారు బడిపంతులు. పరీక్ష కాగితముమీద అంకె వేయుట యొక పని, పిల్లవాని పలక చేతికి తీసికొని తప్పు దిద్దుట వేఱొక పని, మొదటిదానివలన చదువు రాదని వారు తఱచు అనుచుందురు. కావున ఆ యంకెలను విమర్శ యనుకొని బాధపడ నక్కఱలేదు. ఆ సోదరి చిత్రమును ఇంతవఱకు ఎవరును విమర్శింపనే లేదు.

ఇక ఇంటివారి "బాగున్నది". ఈ మాటను మేము చులకన చేయము. అది ప్రేమతో అన్నమాట. అయితే అది చిత్రమును గుఱించిన మాట కాదు. బిడ్డ నవ్వుచున్న ఫోటోను తల్లి చేతికిచ్చినచో ఆమె చూచునది బిడ్డనే గాని, వెలుతురు ఏ ప్రక్కనుండి వచ్చినదో ఆమె కేల? శాకుంతలమున ఆఱవ యంకము చదివినవారికి ఇది తెలియును. దుష్యంతుడు తాను చిత్రించిన శకుంతల పటమును ముందు పెట్టుకొని, అందింకను ఏమేమి కొఱతపడినవో లెక్కపెట్టును. మాలినీనది ఇసుకతిన్నెపై హంసల జంట లేదు, నారచీరలు ఆరవేసిన చెట్టు లేదు, ఆ చెట్టునీడను మగజింక కొమ్మున కన్ను రాచుకొను లేడి లేదు, చెవిని దిరిసెనపూవు లేదు. ఇంతకన్న మంచి విమర్శ యెచట నున్నది? కాని కొంతసేపటికి ఆ రాజే పటములోని తుమ్మెదను నిజమైన తుమ్మెద యనుకొని అదలింప మొదలుపెట్టును. అది చిత్తరువని విదూషకుడు చెప్పవలసివచ్చును. మనిషి యొకడే, పటమొకటే. ఒక క్షణమున చిత్రకారుడు, మఱుక్షణమున ప్రియుడు. ఇంటివారు మనకు రెండవ స్థితిలో నున్నవారు. వారినుండి ఆదరమును పుచ్చుకొందము, విమర్శ నడుగకుందము.

మన యిండ్లలో వినవచ్చు మఱియొక తీరు కలదు. దానిని విమర్శ యనుటకే మాకిష్టము లేదు. "అబ్బ, ఎంత నల్లగా పడితిని", "పిల్ల రంగు తగ్గించి తీసినావేమి", "లావుగా నున్నది, చెఱపివేయుము" అనునవి. చర్మమును తెల్లజేసి, ముడుతలు మాపి, ముక్కు సన్నము చేయు సాధనములు నేటి సెల్ఫోనులలోనే అమర్చియున్నవి. సంబంధములకు పంపు ఫోటోల సంగతి చెప్పనే వలదు. పెండ్లిచూపులనాడు ఎదుట కూర్చున్న పిల్ల ఎవరో, ఫోటోలోని పిల్ల ఎవరో తెలియక వరునివారు తెల్లబోయిన ఇల్లు మాకు తెలియును. చామనచాయ పిల్ల చామనచాయగా పడుటయే నేర్పు. అయితే ఇందులో చిత్రమునకు సంబంధించిన దొకటి దాగియున్నది, దానిని వేఱుచేసి చూడవలెను. కెమేరా తనంతట తాను వెలుతురును లెక్కగట్టునపుడు ఎదుటనున్నదంతయు నడిమివన్నె బూడిదరంగనియే భావించును. సున్నపుగోడ ముందు నిలిచినచో, ఆ తెలుపును బూడిదవన్నెకు దింపబోయి, మనిషి ముఖమునుకూడ దానితో దింపివేయును. అది ఆ మనిషి రంగు కాదు, యంత్రపు లెక్క. అటువంటిచోట "గోడతెలుపు కెమేరాను మోసగించినది, ముఖమునకు వెలుతురు హెచ్చింపుము" అన్నచో విమర్శ. "నల్లగా నున్నావు" అన్నచో నింద. మొదటి మాటవలన తీసినవారు నేర్చుకొందురు. రెండవదానివలన ఫోటోలో నున్న పిల్ల అద్దము చూచుకొనుట మానివేయును.

విమర్శకులు ఎన్ని తెఱగులో మన పూర్వులు ఏనాడో చెప్పియుంచిరి. వెయ్యేండ్లకు పైబడిన రాజశేఖరుని కావ్యమీమాంసలో భావకులు, అనగా కావ్యమును ఆస్వాదించి విచారించువారు, నాలుగు విధములుగా చెప్పబడిరి. అరోచకి యొకడు. వానికేదియు రుచింపదు. జ్వరము తగిలిన నాలుకవలె ఏది పెట్టినను చేదే. సతృణాభ్యవహారి యొకడు. పేరులోనే యున్నది, గడ్డితో కూడ తినువాడు. ఏది పెట్టినను ఆహా యనును. మత్సరి మూడవవాడు. గుణము కనబడును గాని నోట రాదు. తత్త్వాభినివేశి నాలుగవవాడు. కావ్యములోనికి చొచ్చి దాని సారమేదో పట్టుకొనువాడు. ఇట్టివాడు వేయిమందిలో నొకడు. మన ఫోటోలు చూచువారిని ఈ నాలుగు పేర్లతో మేము అపుడపుడు గుఱుతుపట్టుచుందుము. సతృణాభ్యవహారులు మన చుట్టములలో నెక్కువ. అరోచకులు క్రొత్తగా ఖరీదైన కెమేరా కొన్న పురుషులలో నెక్కువ యని మా యభిప్రాయము. వారు చిత్రము చూడకమునుపే "ఏ లెన్సుతో తీసినారండీ?" అని యడుగుదురు. వంట రుచిచూడక గిన్నె ఖరీదడుగుటవంటిది అది.

సరే, తత్త్వాభినివేశి చేయునదేమి? ఇది తెలియవలెనన్నచో దోషమనునది ఏమో తేల్చుకొనవలెను.

ఆలంకారికులు దోషములను నిత్యములనియు అనిత్యములనియు విభజించిరి. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున శ్రుతిదుష్టాదులను అనిత్యదోషములుగా చూపెను. చెవికి కఱకుగా తాకు అక్షరములు శృంగారమున దోషము. అవియే రౌద్రమున అక్కఱకు వచ్చును. గదాఘాతమును వర్ణించునపుడు మల్లెపూవువంటి పలుకులు వాడినచో అదియే తప్పు. కావున ఏ రసమునకు అని అడుగక దోషము చెప్పరాదు. మాకు ఛాయాచిత్రములు చూచునపుడు ఈ విభాగము ఉపయోగపడినంతగా కెమేరా పుస్తకములేవియు ఉపయోగపడలేదు. మసక దోషమా? చీకటి దోషమా? నడుమ నుండవలసినది అంచున నుండుట దోషమా? వట్టిగా అడిగినచో జవాబు లేదు.

దీనికి జూలియా మార్గరెటు కామెరను అను నామె చరిత్ర గొప్ప దృష్టాంతము. ఈమె 1815లో మన కలకత్తాలోనే జన్మించినది. పిమ్మట ఇంగ్లండు చేరి, వైటుదీవిలోని ఫ్రెష్‌వాటరను చోట కాపురముండెను. 1863 తుదిని ఆమె కూతురును అల్లుడును కలిసి కానుకగా ఒక కెమేరా నిచ్చిరి. అపుడామె వయస్సు నలువదియెనిమిది. పిల్లలు పెద్దవారైరి. మనవారైనచో ఆ వయస్సున కెమేరా యెందుకందురు. ఆమె బొగ్గులకొట్టును చీకటిగదిగా మార్చి, కోళ్లగూటికి అద్దాలు తొడిగించి స్టూడియో చేసికొనెను. నేర్పువారెవరును లేరు. మొట్టమొదట తీసిన చిత్రమును గాజుపలకమీది పూతను చేతితో రాచి తానే తుడిచివేసికొన్నది! ఆనాటి పద్ధతి మిక్కిలి కష్టమైనది. గాజుపలకపై కొలోడియను పూతపూసి, వెండిద్రావకములో ముంచి, ఆ తడి ఆఱకముందే చిత్రము తీసి, ఆఱకముందే కడుగవలెను. కూర్చున్నవారు నిమిషములతరబడి కదలరాదు. 1864 జనవరిలో ఆనీ యను చిన్నపిల్లను తీసినపుడు ఇది నా మొదటి విజయమని ఆమె సంతసించినది.

ఆ సంవత్సరముననే తన చిత్రములను లండను ఛాయాచిత్రసంఘపు ప్రదర్శనమునకు పంపెను. ఛాయాచిత్ర పత్రికలవారు విరుచుకొనిపడిరి. ఫోకసు కుదరలేదనిరి. పలకలమీద మరకలు, చారలు, వ్రేలిముద్రలు, పగుళ్లు ఉన్నవనిరి. ఈ నిందలు ఆమెను చాలకాలము వెంటాడినవి. ఆమె ఏమి చేసెను? ఫోకసు విషయమున లొంగలేదు. అందఱును లెన్సు త్రిప్పి త్రిప్పి వెండ్రుక వెండ్రుకగా కనబడువఱకు పోవుదురు. తానో, త్రిప్పుచుండగా కంటికి అందమని తోచిన చోట ఆగితినని ఆమె తన స్మృతులలో వ్రాసికొన్నది. సరియైన ఫోకసిదియే యని తేల్చుటకు ఎవరి కధికారమున్నదని శాస్త్రవేత్తయగు జాను హెర్షెలుగారికి వ్రాసిన జాబున సూటిగా అడిగినది. ఆ హెర్షెలుగారి ముఖచిత్రమునే 1867లో తీసినది. చెదరిన తెల్లజుట్టు, చీకటినుండి వెలికివచ్చుచున్న ముఖము, ఆ కన్నులు చూచినవారెవరును మసకయని ఫిర్యాదు చేయరు. ముడుతల లెక్క చూపుట ఆమె యుద్దేశము కాదు. లోని మనిషిని చూపుట యుద్దేశము. ఆ రసమునకు ఆ మసక గుణమే. 1865లోనే దక్షిణ కెన్సింగ్టను ప్రదర్శనశాలవారు ఆమె చిత్రములను కొని ప్రదర్శించిరి. నేడు విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాల యనబడునది అదియే.

ఇంతమాత్రమున ఆ పత్రికలవారు చెప్పినదంతయు తప్పని మేమనము. కథ ఇంతతో ముగించి, చూచితిరా, విమర్శకులు మూఢులని చెప్పుట అందఱికి ఇష్టము. కాని ఆ మరకలు, ఆ చారలు? కొన్ని చిత్రములలో ధూళి సుడులుగా తిరిగి పలకకు అంటుకొన్నది. కొన్నిట పగులు ముఖముమీదుగా పోయినది. అవి మనోహరములని నేడు వాదించువారున్నారు. మాకు మాత్రము అట్లు తోచదు. మసక దగ్గఱ ఆమె చూచి ఆగినది. మరక ఆమె చూడకుండ వచ్చిపడినది. ఈ రెంటికి నడుమ యోజనముల దూరమున్నది. కాబట్టి మా మట్టునకు మేము నిత్యదోషమునకు ఒక లక్షణము చెప్పుకొంటిమి. తీసినవారు చూచి, కావలెనని ఉంచినది ఏదైనను అనిత్యము. దానిని రసమునుబట్టి విచారింపవలెను. తీసినవారి కన్ను పడకుండ చట్రములో చొఱబడినది నిత్యదోషము. తలవెనుకనుండి మొలచిన కరెంటుస్తంభము, మూలనున్న ప్లాస్టికు సంచి, ఏటవాలుగా ఒలికిపోవుచున్న చెఱువు. కావున విమర్శించువారు మొదట అడుగవలసినది "ఇది తగునా?" అని కాదు. "దీనిని నీవు చూచితివా?" అని.

ఇది మా యింటిలోనే జరిగిన సంగతివలన మాకు గట్టిపడినది. మా ఆడపడుచు కూతురు పట్నమున చదువుచున్నది. కెమేరా యనిన ప్రాణము. క్రిందటి వేసవిలో అమ్మమ్మగారి యింటికి, అనగా మాయింటికి వచ్చినపుడు, మా యత్తగారు వసారాలో కూర్చుండి చింతపండు గింజ తీయుచుండగా ఒక చిత్రము తీసినది. పెచ్చులు ఒకవైపు గుట్ట, పండు ఒకవైపు గుట్ట. తూర్పు కిటికీ వెలుతురు ఆమె చేతులమీద పడుచున్నది. పిల్ల ఆ చిత్రమును మురిసిపోయి చుట్టములందఱి ఫోనులకు పంపినది. చాలమంది బాగున్నదనిరి. దగ్గఱివారిలో పెద్ద యొకరు మాత్రము "అమ్మ చీర భుజమున చిరుగు కనబడుచున్నది. కొడుకులు బట్టలు కొనిపెట్టరని లోకము అనుకొనదా? పరువు తక్కువ పనులు చేయకుము" అని కఠినముగా మందలించినారు. పిల్ల ఆ చిత్రమును అందఱి కన్నులనుండి తొలగించినది. కెమేరాను సంచిలో పెట్టి, నాలుగు మాసములు ముట్టలేదు. కళాశాలలో ప్రదర్శనము జరిగినను పాల్గొనలేదట. ఈ సంగతి వాళ్ల అమ్మ చెప్పగా తెలిసినది.

దసరా సెలవులకు వచ్చినపుడు ఆ చిత్రమును అచ్చుతీయించి తెమ్మని మేమే అడిగితిమి. మా వసారాలో నెలకొకమాఱు ఆఱేడుగురు స్త్రీలము కూడుచుందుము. ఒకరు బట్టలు కుట్టునామె, ఒకరు ఆసుపత్రి నర్సు, ఒకరు పిండివంటలు చేసి అమ్మునామె. కొందఱు ఫోటోలు తీయుదురు, కొందఱు చూతురు. (1892లో రాజా దీనదయాళుగారు హైదరాబాదున స్త్రీలకొఱకు జనానా స్టూడియో పెట్టి, దానిని ఒక ఆంగ్లవనితకు అప్పగించిరి. నాడు ఘోషాలోనున్న స్త్రీ తన ఫోటో తీయించుకొనుటకే అంత యేర్పాటు కావలసివచ్చినది. నేడు మన వసారాలలో కెమేరా మన చేతనే యున్నది.) మా పద్ధతి యేమనగా, చిత్రమును నడుమ పెట్టి కొంచెముసేపు ఎవరును మాటాడరాదు. పిమ్మట ఒక్కొక్కరు తమ కన్ను మొదట ఎక్కడ పడినదో, అక్కడనుండి ఎక్కడికి పోయినదో మాత్రమే చెప్పవలెను. బాగున్నది, బాగులేదు అను మాటలు అప్పటికి లేవు. తీసినవారు నోరు మెదపరాదు.

కుట్టుపని చేయునామె "నా కన్ను మొదట ఈ బకెట్టుమీద పడినదమ్మా" అన్నది. కుడివైపు అంచున ఒక స్టీలు బకెట్టు సగము తెగి, ఎండకు మెఱయుచున్నది. నర్సుగారు కూడ అదియే చెప్పిరి. పిల్ల ఉలికిపడినది. నాలుగు మాసములుగా చిరుగును చూచి ఏడ్చినదే గాని ఆ బకెట్టును ఆమె ఒక్కనాడును చూచియుండలేదు. మేము మందపు కాగితముతో ఎల్ అక్షరమువలె కత్తిరించిన రెండు బద్దలను తెచ్చి, చిత్రముమీద చట్రమువలె పెట్టి, బకెట్టు కనబడనంతవఱకు లోనికి జరిపితిమి. చూపు నేరుగా చేతులమీదికి పోయినది. "అత్తయ్యా, చిరుగు కూడ పోవునంతవఱకు జరుపరాదా?" అని పిల్ల యడిగినది. "చిరుగును తీసినపుడు చూచితివా?" అంటిమి. "చూచితిని. అమ్మమ్మ పనిచీర అది. ఆ చీర కట్టినపుడే అమ్మమ్మ పనిలో నున్నట్టు" అన్నది. ఇక దానిని తీసివేయుట యెట్లు?

అయితే ఆ చిరుగు ధరించినవారిని అడుగకుండ తేల్చుట మర్యాద కాదు గదా. లోపలనుండి మా యత్తగారిని పిలిచితిమి. ఆమె కళ్లజోడు పెట్టుకొని చూచి, చిరుగు ఊసే యెత్తలేదు. "ఇదేమే, సుత్తెను ఇట్లు పట్టుకొన్నాను? చింతపండు కొట్టువారు సుత్తె నింత పైకెత్తరు. గింజ చితికిపోవును. నీవు అట్లే ఉండుమంటివి గనుక ఉంటిని" అని మనుమరాలిమీద నవ్వినారు. అందఱును మఱల చూచిరి. నిజమే. ఆ చేయి పనిచేయుచున్న చేయి కాదు, ఎత్తి నిలిపిన చేయి. మాలో ఎవరికిని పట్టుబడని దోషమును, జన్మములో ఒక్క ఫోటోను తీసి యెఱుగని ఆమె పట్టుకొనెను. చిరుగు సంగతి మేమే కదపగా "పాతచీర చిరుగక పట్టుచీర చిరుగునా? చేతులు చూపుచున్నదా, చీర చూపుచున్నదా అది?" అని లోనికి పోయినారు. మందలించిన పెద్దకు జవాబు ఆమెనుండియే రావలసినది, వచ్చినది. మఱునాడు ఉదయము పిల్ల అటకమీది పాత చింతపండు బుట్టను దింపించి, ఈ మాఱు ఏమియు చెప్పక, అమ్మమ్మ పని చేసికొనుచుండగా గంటన్నరసేపు ప్రక్కనే కూర్చుండి తీసినది. ఆ చిత్రమేమి బహుమానము పొందలేదు. కాని కెమేరా మఱల సంచిలోనికి పోలేదు.

అక్కడ పిల్ల నోరు మెదపరాదను నియమమును గుఱించి కొందఱు అడుగుదురు. అది శిక్ష కాదు. విమర్శ స్వీకరించువారికి అన్నిటికంటె కష్టమైనదదియే కావున మేమే పెట్టుకొంటిమి. ఎవరైన ఒక లోపము చూపగానే "ఆనాడు మబ్బుపట్టియుండెను", "బస్సు కదలిపోవుచుండెను", "నా యుద్దేశము అది కాదు" అని చెప్ప నోరూరును. చెప్పినచో వినువారు జాలిపడి, వెలుతురు బాగున్నదని ఏదో ఒకటి యనివేయుదురు. ఆ క్షణముతో విమర్శ ముగిసినట్లే. మన చిత్రముతోపాటు మనము ప్రతి యింటికి పోయి మబ్బు సంగతి చెప్పలేము గదా. చిత్రము ఒంటరిగా ఏమి చెప్పుచున్నదో వినుటకే వచ్చితిమి, వినవలెను. విన్నదంతయు ఒప్పుకొనవలెనని కాదు. ఒకరికి తోచినది వారి అభిరుచి కావచ్చును. ఒకరితో నొకరు మాటాడుకొనని ఇద్దఱు ముగ్గురు ఒకేచోట వ్రేలు పెట్టినచో అక్కడ ఏదో యున్నది. "నేనైనచో దీనిని వేఱువిధముగా తీయుదును" అని మొదలుపెట్టు మాటలను మాత్రము మర్యాదగా విని విడిచిపెట్టవచ్చును. వారు విమర్శించుచున్నది మన చిత్రమును కాదు, తాము తీయని చిత్రమును.

విన్న దినముననే చిత్రమును మార్చబూనుట మంచిది కాదు. మేము అచ్చుప్రతి వెనుక పెన్సిలుతో ఎవరేమనిరో రెండు మాటలలో వ్రాసి, బీరువా తలుపు లోపలివైపు అంటించి వదలుదుము. రోజు చీర తీసికొనునపుడెల్ల కన్ను పడును. పదిదినములకు కొన్ని మాటలు వాడిపోవును, కొన్ని ముల్లువలె నిలుచును. నిలిచినవి మనవి.

విమర్శకై చూపునది ఖరీదైన పెద్ద ప్రతి కానక్కఱలేదు. కామెరను గారికి జార్జి వాట్సు అను గొప్ప చిత్రకారుడు స్నేహితుడు, ఆమె చిత్రములను చూచి సలహాలిచ్చుచుండువాడు. ఆమె మంచి అట్టలకు అంటించిన విలువగల ప్రతులను పంపుచుండగా, అవి పంపవలదు, అట్ట కంటింపని లోపపు ప్రతి యేదైన పంపుము, దానితోనే నేను అంత బాగుగను నిర్ణయింపగలను, నీ సొమ్ము తీసికొనుచున్నట్టు నాకు తోచకుండును అని ఆయన వ్రాసెను. ఎంత మర్యాద తెలిసిన విమర్శకుడు! లోపపు ప్రతిని చూపుటకు సిగ్గుపడని నేస్తము, లోపపు ప్రతిని అడుగుటకు వెనుదీయని నేస్తము, ఇద్దఱును అదృష్టవంతులే.

పడవ చిత్రపు సోదరి తమ జాబుతో చిత్రమును పంపలేదు. పోస్టుకార్డంత అచ్చుప్రతి చాలును. వెనుక ఏ దినమున, ఏ కెమేరాతో, ఎంత చలిలో తీసితిరో వ్రాయవలదు. ఆ పడవలో గాని, ఆ పొగమంచులో గాని, మీరు చూచి కావలెనని ఉంచినది ఏదో ఒక్కటి మాత్రము ఒక చీటీపై వ్రాసి, ఆ చీటీని వేఱొక కవరులో అంటించి పంపుడు. మా వసారాలోని వారందఱును చిత్రమును చూచి, తమ కన్నెక్కడ పడినదో చెప్పి ముగించిన పిమ్మట ఆ కవరు విప్పుదుము. రెండును కలిసినవో లేదో వచ్చు సంచికలో వ్రాయుదుము.